ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ పాఠాలు – 6: క్రిటికల్ పాత్, ఫ్లోట్

పోయిన పాఠంలో పనుల జాబితా రాసుకుని, దేని తర్వాత ఏది అన్నది బాణం గుర్తులతో గీసుకున్నాం. ఈసారి ఆ బొమ్మలో అంకెలు నింపుతాం. పీఎంపీ, సీఏపీఎం అనే ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ పరీక్షల్లో దేనికి చదివేవాళ్లకైనా ఈ లెక్క తప్పదు. కూడికలు, తీసివేతలు తప్ప ఇందులో ఏమీ లేదు. అయినా మార్కులు పోతాయి, ఎందుకంటే లెక్క వచ్చినవాళ్లు కూడా ఫ్లోట్, అంటే ఒక పనిని ఎన్ని రోజులు ఆలస్యం చేయవచ్చన్న వెసులుబాటు, అనే మాట దగ్గర బోల్తా పడతారు.

ముందు ఒక అపోహ తీసేద్దాం. క్రిటికల్ పాత్ అంటే ముఖ్యమైన పనుల వరస కాదు. మొదటి పని నుంచి చివరి పని దాకా వెళ్లే దారులన్నిటిలో ఎక్కువ రోజులు పట్టేది. ఆ దారిలో ఒక రోజు ఆలస్యమైతే ప్రాజెక్టు మొత్తం ఒక రోజు ఆలస్యమవుతుంది. పని ఖరీదైనదా, చిన్నదా అన్నదానితో సంబంధం లేదు. 1950ల చివర్లో అమెరికాలో డ్యూపాంట్ కంపెనీ పనుల కోసం ఈ పద్ధతి పుట్టింది. అదే రోజుల్లో అక్కడి నౌకాదళం పొలారిస్ క్షిపణి కోసం పెర్ట్ అనే ఇలాంటి పద్ధతినే తయారు చేసుకుంది. పెర్ట్ వచ్చే పాఠంలో చూద్దాం.

ఉదాహరణకి ఉన్న ఇంటి మీద ఒక అంతస్తు వేస్తున్నాం అనుకోండి. ఆదివారాలు కూడా పని నడుస్తుందనే లెక్క.

గోడల కట్టుబడి: 12 రోజులు. ముందు పనేమీ లేదు.
వడ్రంగి దగ్గర తలుపులు, కిటికీ రెక్కలు చేయించడం: 20 రోజులు. ముందు పనేమీ లేదు. ద్వారబంధాలు గోడతోపాటే నిలబెడతారు కాబట్టి అవి ఇందులో లేవు.
స్లాబు సెంట్రింగ్: 5 రోజులు, గోడల తర్వాత.
ఇనుము కట్టడం, కరెంటు పైపులు వేయడం: 4 రోజులు, సెంట్రింగ్ తర్వాత.
కాంక్రీటు పోయడం: 1 రోజు, ఇనుము తర్వాత.
సెంట్రింగ్ విప్పడం: 2 రోజులు, కాంక్రీటు పోశాక 14 రోజులు ఆగి.
లోపలి ప్లాస్టరింగ్: 10 రోజులు, సెంట్రింగ్ విప్పాక.
పిట్టగోడ: 4 రోజులు, కాంక్రీటు పోశాక 3 రోజులు ఆగి.
పైన నీళ్ల ట్యాంకు, పైపులు: 3 రోజులు, పిట్టగోడ తర్వాత.
తలుపులు బిగించడం: 3 రోజులు, లోపలి ప్లాస్టరింగూ వడ్రంగి పనీ రెండూ అయ్యాక.
రంగులు: 6 రోజులు, తలుపులూ ట్యాంకూ రెండూ అయ్యాక.

ఆ 14 రోజుల ఆగడాన్ని ల్యాగ్ అంటారు. అది మేస్త్రీ ఇష్టంతో వచ్చింది కాదు. మామూలు పోర్ట్‌లాండ్ సిమెంటుతో వేసిన స్లాబు స్పాన్ (ఆధారాల మధ్య దూరం) 4.5 మీటర్లు దాటితే కింది సపోర్టులు కనీసం 14 రోజులు ఉండాలని కాంక్రీటు పనుల భారతీయ ప్రమాణం ఐఎస్ 456 చెబుతుంది, దాటకపోతే 7 రోజులు చాలు. మన హాలు పెద్దదే అనుకుందాం. ఇలా పని స్వభావమే బలవంతంగా పెట్టే వరసని మ్యాండేటరీ డిపెండెన్సీ అంటారు. ట్యాంకు పైపుల కోసం గోడలకు బెజ్జాలు కొట్టాక రంగులు వేయడం మంచి పద్ధతే, అయినా మన ఎంపిక. అది డిస్క్రీషనరీ. ఈ తేడా గుర్తుంచుకోండి, రోజులు తగ్గించాల్సి వచ్చినప్పుడు పనికొస్తుంది.

ఇప్పుడు ముందుకు నడక, అంటే ఫార్వర్డ్ పాస్. ఒక్కో పని ఎంత త్వరగా మొదలవగలదో ఈఎస్, ఎంత త్వరగా ముగుస్తుందో ఈఎఫ్. ప్రాజెక్టు మొదటి రోజుని 1 అనుకుంటే ఈఎఫ్ = ఈఎస్ + రోజులు – 1. గోడలు 1 నుంచి 12. సెంట్రింగ్ 13–17. ఇనుము 18–21. కాంక్రీటు 22వ రోజు. 23 నుంచి 36 దాకా ల్యాగ్, కాబట్టి విప్పడం 37–38. లోపలి ప్లాస్టరింగ్ 39–48. వడ్రంగి పని 1–20. తలుపుల బిగింపుకి రెండు దారులు వచ్చి కలుస్తున్నాయి, ఒకటి 20న, ఇంకొకటి 48న. ముందుకు నడిచేటప్పుడు పెద్ద అంకె తీసుకోవాలి. కాబట్టి 49–51. పిట్టగోడ 26–29, ట్యాంకు 30–32. రంగులకి 51, 32లలో పెద్దది 51. రంగులు 52–57. మొత్తం 57 రోజులు.

కొన్ని పుస్తకాలు మొదటి రోజుని 0 అంటాయి. అప్పుడు గోడలు 0–12, సెంట్రింగ్ 12–17 అవుతాయి, 1 కలపడం, తీయడం ఉండవు. మొత్తం 57 మారదు, ఫ్లోట్లూ మారవు. ఒకే లెక్కలో సగం దూరం ఒక పద్ధతి, మిగతా సగం ఇంకో పద్ధతి వాడితేనే జవాబు ఒక రోజు అటూ ఇటూ అవుతుంది. పరీక్షలో ఇచ్చే తప్పు జవాబుల్లో ఆ అంకె కూడా ఉంటుంది మరి.

వెనక్కి నడక, బ్యాక్‌వర్డ్ పాస్. చివరి నుంచి మొదలుపెట్టి, ప్రాజెక్టు చెడకుండా ఒక్కో పని ఎంత ఆలస్యంగా ముగియవచ్చో ఎల్ఎఫ్, ఎంత ఆలస్యంగా మొదలవవచ్చో ఎల్ఎస్. ఇక్కడ దారులు కలిసిన చోట చిన్న అంకె తీసుకోవాలి. రంగులు 52–57. తలుపుల బిగింపు 49–51. ట్యాంకు కూడా 51 లోపు అయితే చాలు, కాబట్టి 49–51. పిట్టగోడ 45–48. వడ్రంగి పని 29–48. ప్లాస్టరింగ్ 39–48, విప్పడం 37–38. కాంక్రీటు దగ్గర జాగ్రత్త. విప్పే దారి నుంచి వస్తే 37లోంచి 1, ఆపైన ల్యాగ్ 14 తీసేయాలి, 22 వస్తుంది. పిట్టగోడ దారి నుంచి వస్తే 45లోంచి 1, ల్యాగ్ 3 తీసేస్తే 41. చిన్నది 22. వచ్చేటప్పుడు ల్యాగ్ కలిపి, వెనక్కి వెళ్లేటప్పుడు తీయడం మరిచిపోవడం ఈ లెక్కలో అందరూ చేసే తప్పు. అసలు ల్యాగే వదిలేస్తే మొత్తం 43 వస్తుంది, పచ్చి స్లాబు కింద సపోర్టులు పీకినట్టు.

టోటల్ ఫ్లోట్ అంటే ఎల్ఎస్‌లోంచి ఈఎస్ తీసేయగా మిగిలింది. గోడలు, సెంట్రింగ్, ఇనుము, కాంక్రీటు, విప్పడం, ప్లాస్టరింగ్, తలుపుల బిగింపు, రంగులు, వీటన్నిటికీ సున్నా. ఇదే క్రిటికల్ పాత్. వడ్రంగి పనికి 28. పిట్టగోడకి 19, ట్యాంకుకి 19.

ఇక్కడే బోల్తా పడేది. పిట్టగోడకి 19, ట్యాంకుకి 19, మొత్తం 38 రోజులు చేతిలో ఉన్నాయనుకుంటారు. లేవు. ఉన్నవి ఆ 19 రోజులే, ఆ దారి మొత్తానికి కలిపి. ఉమ్మడి ఆస్తి లాంటిది. పిట్టగోడ వాళ్లు 10 రోజులు వాడేసుకుంటే ట్యాంకు వాళ్లకి మిగిలేది 9. తర్వాతి పనిని కదపకుండా ఒక పని తాను మాత్రమే వాడుకోగలిగిన వెసులుబాటు ఫ్రీ ఫ్లోట్. తర్వాతి పని ఈఎస్‌లోంచి దీని ఈఎఫ్, ఆపైన 1 తీసేయాలి. మధ్యలో ల్యాగ్ ఉంటే అదీ తీసేయాలి. పిట్టగోడకి 30 – 29 – 1, అంటే సున్నా. ట్యాంకుకి 52 – 32 – 1, అంటే 19. ప్రశ్నలో ‘ప్రాజెక్టు ముగింపు’ అని ఉంటే టోటల్, ‘తర్వాతి పని మొదలు’ అని ఉంటే ఫ్రీ. ఆ ముక్క చదవకుండా లెక్క మొదలుపెట్టకండి.

కాగితం మీద ఉన్న ఫ్లోట్ పని దగ్గర ఉండకపోవచ్చు. పిట్టగోడని 45వ రోజుకి జరపవచ్చని లెక్క చెప్పింది. కానీ మనకున్నది ఒక్కటే మేస్త్రీల బ్యాచ్ అయితే, 39 నుంచి 48 దాకా వాళ్లు లోపలి ప్లాస్టరింగ్‌లో ఉంటారు. కాబట్టి పిట్టగోడ 38 లోపే ముగియాలి. నిజమైన వెసులుబాటు 9 రోజులే. మనుషుల్ని, యంత్రాల్ని బట్టి పనుల్ని జరపడం రిసోర్స్ లెవెలింగ్. దీనివల్ల ముగింపు తేదీ మారవచ్చు, క్రిటికల్ పాతే మారవచ్చు. ఉన్న ఫ్లోట్ దాటకుండా సర్దడం రిసోర్స్ స్మూతింగ్, దానివల్ల ముగింపు తేదీ కదలదు.

ఇంకో చిక్కు. కాంక్రీటుకి ఆదివారం సెలవు ఉండదు. మైక్రోసాఫ్ట్ ప్రాజెక్ట్‌లో ల్యాగ్ 14 రోజులని ఇస్తే అది పని రోజులే లెక్కపెట్టుకుని సెలవుల్ని దాటేస్తుంది, షెడ్యూలు ఊరికే సాగుతుంది. ఇలాంటి చోట ఎలాప్స్‌డ్ డేస్, అంటే సెలవులతో సహా అన్ని రోజులూ లెక్కపెట్టే రోజులు, ఇవ్వాలి.

ఇప్పుడు గృహప్రవేశం ముహూర్తం కుదిరింది, 52వ రోజుకల్లా అన్నీ అయిపోవాలి. వెనక్కి నడక 52 నుంచి మొదలుపెడితే క్రిటికల్ పాత్ మీద ఫ్లోట్ –5 వస్తుంది. నెగటివ్ ఫ్లోట్ అంటే ఇదే. తీర్చే దారులు రెండు. క్రాషింగ్ అంటే డబ్బు పెట్టి రోజులు కొనడం. రేట్లు ఇలా అనుకుందాం: గోడల్లో 3 రోజుల దాకా తగ్గించవచ్చు, రోజుకి రూ. 2,000. ప్లాస్టరింగ్‌లో 3 రోజుల దాకా, రోజుకి రూ. 1,500. రంగుల్లో 2 రోజులు, రోజుకి రూ. 2,500. వడ్రంగి పనిలో 5 రోజులు, రోజుకి రూ. 500. అన్నిటికన్నా చవక వడ్రంగి కదా అని అక్కడ రూ. 2,500 పోస్తే ముగింపు ఒక్క రోజు కూడా ముందుకు రాదు, ఫ్లోట్ ఉన్న పనికి మరింత ఫ్లోట్ వస్తుందంతే. సరైనది ప్లాస్టరింగ్‌లో 3 రోజులు, గోడల్లో 2 రోజులు. రూ. 4,500, రూ. 4,000 కలిపి రూ. 8,500. ఒక్కో రోజు తగ్గించాక ఇంకో దారి క్రిటికల్ అయిందేమో చూసుకోవాలి. ఇక్కడ పిట్టగోడ దారి 36 రోజులే, భయం లేదు. ఆ 14 రోజుల ల్యాగ్‌ని మాత్రం అదనపు కూలీలు ఎంతమంది వచ్చినా తగ్గించలేరు.

రెండోది ఫాస్ట్ ట్రాకింగ్. ఒకదాని తర్వాత ఒకటిగా చేయాల్సినవి కొంతవరకు కలిపి చేయడం. డిస్క్రీషనరీ వరసలే దీనికి పనికొస్తాయి. డబ్బు నేరుగా ఖర్చవదు, రిస్కు పెరుగుతుంది: తలుపులు బిగిస్తుండగానే రంగులు మొదలుపెడితే డ్రిల్లు దుమ్ము తడి రంగుకి అంటుకుని ఆ గోడ మళ్లీ వేయాల్సి వస్తుంది. బడ్జెట్ లేదని ప్రశ్నలో ఉంటే ఫాస్ట్ ట్రాకింగ్ వైపు చూడండి, రిస్కు పెంచకూడదని ఉంటే క్రాషింగ్.

అభ్యాసం: ముహూర్తం సంగతి పక్కన పెట్టి మొదటి లెక్కకే రండి. బయటి ప్లాస్టరింగ్ అనే పని కలపండి. 9 రోజులు, పిట్టగోడ తర్వాత మొదలు, రంగులకి ముందు ముగియాలి. రెండు నడకలూ మళ్లీ నడవండి. మొత్తం 57లోనే ఉండాలి. బయటి ప్లాస్టరింగ్‌కి ఫ్లోట్ 13 రావాలి. పిట్టగోడ ఫ్లోట్ 19 నుంచి 13కి దిగాలి, ట్యాంకుది 19 అలాగే ఉండాలి. పిట్టగోడకి ఇంకా 19 వస్తుంటే, వెనక్కి నడకలో చిన్న అంకెకి బదులు పెద్దది తీసుకున్నారన్నమాట. అయ్యాక, మేస్త్రీల బ్యాచ్ ఒక్కటే అనుకుని, రెండు పనులకీ నిజంగా ఎన్ని రోజుల వెసులుబాటు మిగిలిందో చూడండి. బయటి ప్లాస్టరింగ్ 30–38, లోపలిది 39న మొదలు. జవాబు సున్నా.