వైఫై నత్తనడక నడుస్తుంటే ముందు ఇవి చూడండి

నెట్ స్లో అనగానే కస్టమర్ కేర్‌కి ఫోన్ కొట్టకండి. ముందు ల్యాప్‌టాప్‌ని ల్యాన్ కేబుల్‌తో రౌటర్‌కి కలిపి స్పీడ్ టెస్ట్ చేయండి. ప్లాన్‌కి తగ్గ స్పీడ్ వస్తుంటే లైన్ బాగున్నట్టే, తేడా అంతా మీ వైఫైలోనే. 200 ఎంబీపీఎస్ ప్లాన్ ఉండి, కేబుల్‌లోనూ 95 దగ్గరే ఆగిపోతుంటే కేబుల్‌నో పోర్టునో అనుమానించాలి.

చాలా ఇళ్లలో అసలు దొంగ బ్యాండే, అంటే వైఫై సిగ్నల్ నడిచే రేడియో ఫ్రీక్వెన్సీ. 2.4 గిగాహెర్ట్జ్ గోడలు దాటి దూరం వెళ్తుంది కానీ, అపార్ట్‌మెంట్‌లో పక్క ఫ్లాట్ల రౌటర్లన్నీ అందులోనే కొట్టుకుంటుంటాయి, పైగా బ్లూటూత్, మైక్రోవేవ్ ఓవెన్ కూడా అక్కడే. 5 గిగాహెర్ట్జ్‌లో స్పీడ్ ఎక్కువ, కాకపోతే ఒకట్రెండు గోడలకే నీరసపడిపోతుంది. అందుకని దగ్గరున్న టీవీ, ల్యాప్‌టాప్ దీనికి కలపండి, దూరపు గదిలో ఫోన్, సీసీ కెమెరా 2.4కి వదిలేయండి.

తర్వాత ఛానల్, అంటే బ్యాండ్‌లోని ఒక్కో దారి. రౌటర్ అడుగున స్టిక్కర్ మీద ఉన్న అడ్రస్ (చాలావాటికి 192.168.1.1) బ్రౌజర్‌లో కొట్టి లాగిన్ అవ్వండి. 2.4 సెట్టింగుల్లో ఛానల్ ఆటో తీసేసి 1, 6, 11లో రద్దీ తక్కువున్నది పెట్టండి, ఈ మూడూ ఒకదాని మీద ఒకటి పడవు. ఎవరి రద్దీ ఎక్కడుందో ఫోన్‌లో వైఫై ఎనలైజర్ యాప్ చూపిస్తుంది. ఛానల్ వెడల్పు 20 మెగాహెర్ట్జ్ చాలు.

రౌటర్‌ని టీవీ వెనకో ఇనప బీరువా పక్కనో దాచేస్తే మాత్రం ఏ సెట్టింగూ కాపాడదు. ఇంటి మధ్యలో, కాస్త ఎత్తులో పెట్టండి. ఫైబర్ వైరు మడత పడకుండా చూసుకోండి.

వైఫైని దూరపు గదులకి అందించే చవక ఎక్స్‌టెండర్ కొనేముందు ఒక్క మాట: సింగిల్ బ్యాండ్‌ది (ఒకే బ్యాండ్‌లో పనిచేసేది) అయితే స్పీడ్ దాదాపు సగానికి పడిపోతుంది.