తొలకరికి ముందే పిడుదుల పని పట్టండి

కుక్క చెవిలో పిడుదు కనిపించిందని ఫోన్‌లో వెతికితే మొదట తగిలే పేరు లైమ్ జబ్బు. చదివేకొద్దీ టెన్షన్ పెరుగుతుంది. కర్నూలు, అనంతపురం, కడప వైపు కుక్కల్ని పెంచేవాళ్లు ఆ భయం కాస్త తగ్గించుకోవచ్చు. లైమ్‌కు కారణమైన బొరీలియా బ్యాక్టీరియాను మోసేవి ఇక్సోడిస్ జాతి పిడుదులు. అమెరికా ఈశాన్య రాష్ట్రాల్లో, యూరప్‌లో వాటి బెడద ఎక్కువ. మన దగ్గర వీధికుక్క మొదలు ల్యాబ్రడార్ దాకా పట్టి పీడించేది గోధుమరంగు కుక్క పిడుదు. అది లైమ్‌ను అంటించదు. అలాగని వదిలేయడానికీ లేదు, ఎర్లికియా, బబీసియా అనే రెండు జబ్బుల్ని కుక్కకు తెచ్చిపెట్టేది అదే.

మన ఎండలకు పిడుదులు మాడి చస్తాయని చాలామంది నమ్మకం. ఈ రకం చావదు. గోడ పగుళ్లలో, మంచం కోళ్ల సందుల్లో, నాపరాళ్ల మధ్య దాక్కుంటుంది. తిండి లేకుండా నెలల తరబడి బతుకుతుంది. రక్తం తాగి ఆముదం గింజంత ఉబ్బిన ఆడ పిడుదు కుక్క మీంచి రాలిపడి, గోడెక్కి, ఏదో ఒక సందులో వేల గుడ్లు పెడుతుంది. కుక్కకు ఎంత స్నానం చేయించినా వారానికే మళ్లీ పిడుదులు పట్టేది ఇందుకే. కాబట్టి వానలు పడకముందే కుక్క పడుకునే చోట గోనెసంచులు, పాత దుప్పట్లు తీసేయండి. గోడల పగుళ్లు సిమెంటుతో పూడ్పించండి. మందు కొట్టించాలనుకుంటే కుక్కకూ ఇంటికీ ఒకేసారి చేయాలి. ఒకటి వదిలేస్తే రెండోదానికి పెట్టిన డబ్బు దండగ.

గొర్రెల మందకు వాడే పిడుదు మందు మిగిలితే అదే కుక్కకు పూసేవాళ్లున్నారు. దయచేసి వద్దు. పాళ్లు తేడా వస్తే కుక్క ప్రాణం మీదికొస్తుంది. ఇంట్లో పిల్లి కూడా ఉంటే మరీ జాగ్రత్త, పర్మెత్రిన్ కలిసిన మందు పిల్లికి విషం. నెల నుంచి మూడు నెలల దాకా పనిచేసే మాత్రలు ఇప్పుడు దొరుకుతున్నాయి. ఖరీదే గానీ పని చేస్తాయి. కుక్కకు ఎప్పుడైనా ఫిట్స్ వచ్చి ఉంటే ఆ సంగతి పశువుల డాక్టరుకు ముందే చెప్పండి.

పిడుదు కరుచుకుని ఉంటే కిరోసిన్ పోయడం, అగరొత్తితో కాల్చడం లాంటివి మానుకోండి. సన్నమొన పట్టకారుతో చర్మానికి ఆనించి తలదగ్గర పట్టుకుని, మెలితిప్పకుండా నిటారుగా లాగాలి. వేళ్లతో చిదమొద్దు. కరిచినచోట సబ్బుతో కడిగి తేదీ రాసిపెట్టుకోండి.

తర్వాతి రెండు మూడు వారాలు కుక్క మీద ఓ కన్నేసి ఉంచండి. తిండి మానేసినా, చిగుళ్లు పాలిపోయినా, ముక్కులోంచి రక్తం కారినా, మూత్రం కాఫీ రంగులో వచ్చినా అదే రోజు చూపించాలి. ప్లేట్‌లెట్లు లెక్కపెట్టించి, రక్తపు చుక్కను మైక్రోస్కోపు కింద చూడమని అడగండి. ఎర్లికియా అయితే డాక్సీసైక్లిన్ దాదాపు 28 రోజులు వాడాలి. నాలుగో రోజుకే కుక్క లేచి తిరుగుతుంది, ఇంట్లోవాళ్లు మాత్రలు ఆపేస్తారు, మళ్లీ తిరగబెడుతుంది. మాత్ర వేశాక నీళ్లో కాస్త అన్నమో పెట్టండి, గొంతులో ఇరుక్కుంటే అక్కడ పుండు పడుతుంది. బబీసియాకు వేరే మందు ఉంటుంది.

ఇక మనుషుల సంగతి. మన చేలల్లో నిజంగా భయపడాల్సింది స్క్రబ్ టైఫస్ అనే జ్వరానికి. కంటికి ఆనని చిగ్గర్ అనే పురుగు పిల్ల కుట్టడం వల్ల వస్తుంది, దీనికీ కుక్క పిడుదుకూ సంబంధం లేదు. వానలు వెనకబట్టాక, సరిగ్గా చెనక్కాయ పీకే రోజుల్లో ఇది ఎక్కువ. కుట్టిన పది రోజులకు జ్వరం, విపరీతమైన తలనొప్పి. డెంగీ అనుకుని రోజులు గడుపుతారు. కుట్టినచోట నొప్పి లేని నల్లటి చెక్కు కట్టిన పుండు ఉంటుంది. అది ఎక్కడ వెతకాలంటే మొలతాడు కింద, గజ్జల్లో, చంకల్లో, ఆడవాళ్లకు రొమ్ముల కింద. సిగ్గుపడి ఎవరూ చూపించరు, అందుకే దొరకదు. అందరికీ పుండు కనిపించాలనీ లేదు. అందుకని జ్వరంతో వెళ్లినప్పుడు గొర్రెలు మేపుతామనో, గట్ల మీద పడుకున్నామనో, నల్లమలకో లంకమలకో వెళ్లొచ్చామనో డాక్టరుకు చెప్పండి. ఇదీ డాక్సీసైక్లిన్‌కే లొంగుతుంది. గర్భిణులకు అజిత్రోమైసిన్ ఇస్తారు. చేనికి వెళ్తే నిండు చేతుల చొక్కా వేసుకోండి, ఒట్టి గడ్డి మీద కూర్చోకుండా ఏదైనా పరుచుకోండి, ఇంటికి రాగానే స్నానం చేసి బట్టలు ఉతుక్కోండి.

లైమ్ గురించి నిజంగా పట్టించుకోవాల్సిన వాళ్లు మన ఊళ్లలో ఒకరున్నారు: వేసవిలో న్యూజెర్సీకో, కనెక్టికట్‌కో పిల్లల దగ్గరికి వెళ్లే అమ్మానాన్నలు. 1970ల్లో ఈ జబ్బు బయటపడిన లైమ్ అనే ఊరు కనెక్టికట్‌లోదే. అక్కడ మే నుంచి జూలై దాకా తిరిగే చిన్న దశ పిడుదు రెండు మిల్లీమీటర్లు కూడా ఉండదు. పెరట్లో మొక్కలకు నీళ్లు పోసి వచ్చాక మోకాళ్ల వెనక, చంకల్లో చూసుకోండి. ఒక రోజులోపు తీసేస్తే జబ్బు అంటుకునే అవకాశం బాగా తగ్గుతుంది. అక్కడి కుక్క నుంచి నేరుగా మనకు రాదు గానీ, అది పిడుదుల్ని ఇంట్లోకి మోసుకొస్తుంది. కుక్కల్లో చాలావాటికి లక్షణాలే ఉండవు, కొన్ని మాత్రం ఒక్కోరోజు ఒక్కో కాలు కుంటుతాయి.

మనుషులకైతే కరిచిన 3 నుంచి 30 రోజుల్లో చర్మం మీద మచ్చ లేచి మెల్లగా పెద్దదవుతుంది. దురద, నొప్పి పెద్దగా ఉండవు. ఫొటోల్లో చూపించే ఎర్రటి వలయం మన ఛాయలో చాలాసార్లు కమిలిన మచ్చలాగే ఉంటుంది. మొదటి వారాల్లో రక్తపరీక్ష నెగెటివ్ రావచ్చు, కాబట్టి మచ్చ చూసే మందు మొదలుపెడతారు. పట్టించుకోకుండా తిరిగొచ్చేస్తే కొన్ని నెలలకు ఒక మోకాలు బాగా వాస్తుంది. వయసు నొప్పులని తైలం రాసుకుంటూ కూర్చోకుండా, ఎముకల డాక్టరుకు అమెరికాలో ఏ ఊళ్లో, ఏ నెలల్లో ఉన్నారో చెప్పి లైమ్ పరీక్ష గురించి అడగండి.