అరికాలు కనిపించట్లేదా? ఫోన్ నేల మీద పెట్టండి

షుగర్ ఉన్నవాళ్లు రోజూ పాదాలు చూసుకోవాలని నర్సులు చెబుతూనే ఉంటారు. వంగితే మోకాళ్లు, పొట్ట అడ్డం. అద్దం పెడితే సగం చీకటే. నాన్నగారికి ఈ తిప్పలు చూశాక ఇలా మొదలుపెట్టాం.

నేల మీద మెత్తటి గుడ్డ పరిచి ఫోన్‌ని బోర్లా పెట్టండి, వెనక కెమెరా పైకి చూడాలి. ఫ్లాష్ లైట్ వేసి వీడియో ఆన్ చేయండి. కుర్చీలో కూర్చుని పాదాన్ని ఫోన్‌కి జానెడు పైన ఉంచి, మడమ నుంచి వేళ్ల దాకా మెల్లగా కదపండి. ఒక్కో పాదానికి 10 సెకన్లు చాలు. (పొరపాటున ఫోన్ మీద కాలు వేయకండి, మేం వేశాం.) తర్వాత వీడియో ఆపి, పెద్దది చేసి చూడండి: పగుళ్లు, బొబ్బలు, ఎరుపు, రంగు మారిన చోటు. వారానికో వీడియో దాచుకుంటే పాతదానితో పోల్చుకోవచ్చు.

వేళ్ల సందులు మాత్రం ఇందులో పడవు. కాళ్లు కడిగి తడి తుడిచేటప్పుడే అవి విడిగా చూడాలి. మాయిశ్చరైజర్ కూడా ఆ సందుల్లో రాయకూడదు.

చూపు మందగించినవాళ్లకి ఇది పనికిరాదు, ఇంకొకరు చూడాల్సిందే. పాదం వేడెక్కినా కెమెరాకి తెలియదు, చేత్తో తాకి రెండో పాదంతో పోల్చాలి. పుండు, చీము, నలుపు, ఒక్క పాదమే వేడిగా లేదా వాపుగా ఉండటం కనిపిస్తే నొప్పి లేదు కదా అని ఆగకండి, స్పర్శ తగ్గిన కాలికి నొప్పి తెలియదు. అదే రోజు డాక్టర్‌కి చూపించండి.