ఆర్థోగొనల్ అర్రేలు – పాఠం 3: బలాన్ని చేత్తో తేల్చడం

కిందటి పాఠంలో రాసుకున్న పట్టిక ముందు పెట్టుకోండి: 000, 011, 101, 110. నాలుగు వరుసలు, మూడు నిలువులు. ఏ t నిలువులు ఎంచుకున్నా వాటిలో అన్ని కలయికలూ సమానంగా వస్తే అది ఆర్థోగొనల్ అర్రే, దాని బలం t.

దీన్ని పరకాల వైపు ఒక పత్తి చేనుకు తగిలిద్దాం. మొదటి నిలువు సాళ్ల దూరం (0 అంటే 90 సెంటీమీటర్లు, 1 అంటే 120). రెండోది యూరియా: మూడు దఫాలా, నాలుగా. మూడోది తడులు: రెండా, నాలుగా. అన్ని కలయికలూ వేస్తే 8 మడులు కావాలి, ఈ పట్టికతో 4 చాలు.

ఒక నిలువును వేలితో మూసేయండి. మిగిలిన రెంటిలో 00, 01, 10, 11 తలా ఒకసారి రావాలి. 1-2, 2-3 చూసి చాలామంది ఆగిపోతారు, 1-3 కూడా చూడాలి. మూడు జతలూ నెగ్గాయి కాబట్టి బలం 2. మూడు నిలువులూ కలిపి చూస్తే 8 కలయికల్లో నాలుగే ఉన్నాయి, బలం 3 లేదు.

చేనులో దెబ్బ తగిలేది ఇక్కడే. మూడో నిలువు మొదటి రెంటి ఎక్సార్ (⊕: రెండూ ఒకటైతే 0, వేరైతే 1). సాళ్లు వెడల్పైతేనే నాలుగో దఫా యూరియా పనిచేస్తుందనుకోండి, ఆ ప్రభావం కూడా తడుల ఖాతాలో పడుతుంది. లెక్క తప్పకపోయినా తడుల గురించి తప్పు నిర్ణయానికి వస్తాం. పైగా చేనులో సగం చెల్క, సగం నల్లరేగడి అయితే ఏ మడికి ఏ వరుసో చీటీలు వేసి తేల్చండి.

నాలుగో అంశం కూడా చేర్చాలంటే? మన గణాంకవేత్త సి.ఆర్.రావు 1947లో ఇచ్చిన హద్దు ప్రకారం, రెండు స్థాయిలు, బలం 2 అయితే వరుసలు నిలువుల కంటే కనీసం ఒకటి ఎక్కువ, అంటే 5. కానీ ప్రతి జతా సమానంగా రావాలి కాబట్టి వరుసలు 4 గుణిజమే కావాలి. 8 వేయక తప్పదు. వాటిలో 7 అంశాల దాకా పడతాయి.

ఇక రహస్య సంకేతాల్లో వాడే బూలియన్ ఫంక్షన్లు, అంటే 0, 1లు తీసుకుని 0 లేదా 1 ఇచ్చేవి. ఒక ఫంక్షన్ 1 ఇచ్చే ఇన్‌పుట్లన్నీ వరుసలుగా రాయండి. ఆ పట్టిక బలం ఎంతో, ఫంక్షన్ కోరిలేషన్ ఇమ్యూనిటీ (గరిష్ఠంగా ఎన్ని ఇన్‌పుట్లు తెలిసినా అవుట్‌పుట్ గురించి ఏమీ బయటపడదో ఆ సంఖ్య) అంతే. మూడు షిఫ్ట్ రిజిస్టర్ల (బిట్లను వరుసగా పుట్టించే యంత్రాల) బిట్లు x1, x2, x3 కలిపి రహస్య బిట్లు తీసే గెఫె జెనరేటర్ చూడండి: x2 ఒకటైతే x1, సున్నా అయితే x3 బయటికి వస్తుంది. వరుసలు 110, 111, 001, 101. మొదటి నిలువులో మూడు ఒకట్లు, ఒకే సున్నా. బలం 1 కూడా లేదు! అవుట్‌పుట్ 8 కేసుల్లో 6 సార్లు x1తో కలుస్తుంది, x3తోనూ అంతే. రిజిస్టర్లు 20 బిట్లవైతే, 2^60 వెతకాల్సిన దొంగ ఒక్కోదాన్ని విడివిడిగా 2^20లో పట్టేస్తాడు.

పోనీ మూడింటి ఎక్సారే వాడదామా? బలం 2 వస్తుంది, కానీ డిగ్రీ (ఒకే పదంలో గుణించుకునే చరాల గరిష్ఠ సంఖ్య) 1. బిట్లను చూసి వాటిని పుట్టించే అతి చిన్న షిఫ్ట్ రిజిస్టర్‌ను కనిపెట్టే బెర్లెకాంప్–మాసీ పద్ధతికి 120 అవుట్‌పుట్ బిట్లు చాలు. 1984లో సంకేతశాస్త్ర పరిశోధకుడు సీగెంథాలర్ చూపింది ఈ పేచీనే: ఇమ్యూనిటీ, డిగ్రీ కలిపితే చరాల సంఖ్యను మించవు.

అభ్యాసం: మొదటి మూడు నిలువుల్లో 8 కలయికలూ రాయండి. నాలుగో నిలువుగా ఒకసారి x1⊕x2⊕x3, ఇంకోసారి x1⊕x2 పెట్టి రెండు పట్టికల బలం తేల్చండి. రెండోదాంట్లో ఏ మూడు నిలువులు కూలాయో గుర్తుపెట్టండి, పాఠం 4 అక్కడినుంచే.