ఇంటర్నెట్ లేకుండా రెండు రిపీటర్లను కలిపే విధానం

తుపాను వచ్చినా కార్చిచ్చు రేగినా రిపీటర్ల (బలహీనమైన రేడియో సంకేతాన్ని అందుకుని మళ్లీ బలంగా ప్రసారం చేసే కేంద్రాల) మధ్య మాట ఆగకూడదంటే, వాటిని కలిపే లింకు ఇంటర్నెట్ మీద ఆధారపడకూడదు. ఇందుకు అమెరికా హామ్‌లు (లైసెన్సు ఉన్న ఔత్సాహిక రేడియో వాడుకరులు) వాడుతున్న ఒక మంచి జత, వైర్‌లెస్ మెష్ (ఒకదానితో ఒకటి నేరుగా కలిసే రేడియోల వల) కోసం ఏఆర్‌ఈడీఎన్ ఫర్మ్‌వేర్, రిపీటర్ నియంత్రణకు ఆల్‌స్టార్‌లింక్ అనే సాఫ్ట్‌వేర్.

సాఫ్ట్‌వేర్ జోలికి వెళ్లకముందే దారి లెక్క తేల్చుకోవాలి. 5.8 గిగాహెర్ట్జ్ వద్ద 20 కిలోమీటర్లకు మార్గనష్టం (దారిలో సిగ్నల్ తగ్గే మేర) సుమారు 134 డెసిబెల్స్ ఉంటుంది గనుక, రెండు వైపులా 25 డీబీఐ (యాంటెన్నా బలానికి కొలత) డిష్‌లు పెట్టి 20 డీబీఎం (సిగ్నల్ శక్తికి కొలత)తో ప్రసారం చేస్తే అవతల దాదాపు మైనస్ 64 డీబీఎం అందుతుంది. మాటలకు ఇది ధారాళంగా సరిపోతుంది. అయితే ఎదుటి కొండ కంటికి కనబడినంత మాత్రాన దారి బాగున్నట్టు కాదు. సూటి గీత చుట్టూ సిగ్నల్ పరుచుకునే ప్రాంతాన్ని ఫ్రెనెల్ జోన్ అంటారు; నడిమధ్య దాని వ్యాసార్ధం 16 మీటర్లు. అందులో కనీసం 60 శాతం, అంటే పది మీటర్ల మేర, చెట్ల కొనలు కూడా అడ్డు రాకూడదు.

మెష్‌లోని ప్రతి రేడియో పరికరం ఒక నోడ్. దాని పేరు మీ కాల్‌సైన్‌తో (లైసెన్సుతో వచ్చే గుర్తింపు సంకేతంతో) మొదలవ్వాలి. రెండు చివర్లా ఛానెల్, బ్యాండ్‌విడ్త్ ఒకటే అయితే నోడ్లు ఒకదాన్నొకటి గుర్తుపట్టి దారులు వాటంతటవే వేసుకుంటాయి. అర్థాన్ని మరుగుపరిచే ఎన్‌క్రిప్షన్‌ను అమెరికా కమ్యూనికేషన్ల నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ హామ్ రేడియోకు పెట్టిన పార్ట్ 97 నిబంధనలు ఒప్పుకోవు కాబట్టి, ఇంటి వైఫైకి పాస్‌వర్డు పెట్టే అలవాటును ఇక్కడ పక్కన పెట్టాలి.

ఆల్‌స్టార్‌లో 2000 లోపు నోడ్ నంబర్లు ప్రైవేటువి. వాటికి రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. ఆర్‌పీటీ.కాన్ఫ్ (rpt.conf) అనే సెట్టింగుల ఫైలులోని నోడ్స్ విభాగంలో ఎదుటి నంబరుకు దాని మెష్ ఐపీ చిరునామాను, 4569 పోర్టును జతచేస్తే, రేడియో కీప్యాడ్ మీద *3 తరువాత ఆ నంబరు నొక్కగానే లింకు కలుస్తుంది, *1తో తెగుతుంది.

అసలు ఓపిక ఆడియో దగ్గర కావాలి. ఒక రిపీటర్ ఇన్‌పుట్‌కు 3 కిలోహెర్ట్జ్ డీవియేషన్‌తో (ధ్వని వల్ల ఫ్రీక్వెన్సీ పక్కకు జరిగే మేరతో) 1 కిలోహెర్ట్జ్ టోన్ ఇచ్చి, రెండో రిపీటర్ అవుట్‌పుట్‌లోనూ అంతే డీవియేషన్ వచ్చేదాకా సర్వీస్ మానిటర్ (రేడియోలను పరీక్షించే పరికరం) మీద చూస్తూ లెవెళ్లు సవరించాలి; ఇదే పరీక్షను తిరుగు దిశలోనూ జరపాలి. సిగ్నల్ లేనప్పుడు రొదను అణిచే స్క్వెల్చ్‌కు, నిర్ణీత గుర్తింపు టోన్ ఉంటేనే రిసీవర్‌ను తెరిచే సీటీసీఎస్ఎస్ తోడు లేకపోతే ఒక కొండమీది రొద రెండో కొండమీద కూడా ప్రసారమవుతుంది.

2 మీటర్ల తరంగదైర్ఘ్యపు బ్యాండ్‌లో పనిచేసే రిపీటర్ల పక్కన ఈథర్నెట్ కేబుల్ రేడియో రొదను వెదజల్లవచ్చు. రిసీవర్‌కు బలహీనమైన సిగ్నల్ ఇస్తూ ఆ కేబుల్‌ను తీసి, మళ్లీ పెట్టి వినండి. పెట్టినప్పుడు రొద పెరిగితే షీల్డెడ్ కేబుల్, ఫెర్రైట్ కోర్లు (రొదను పీల్చే అయస్కాంత పదార్థపు కడియాలు) వాడి, కేబుల్‌ను యాంటెన్నా ఫీడ్‌లైనుకు (రేడియోను యాంటెన్నాతో కలిపే తీగకు) దూరంగా లాగాలి. ఈ పరీక్ష నెగ్గాకే లింకును సభ్యులకు తెరవడం మంచిది.