కోనికల్‌లో లాగర్: అడుగున చేరిన ఈస్ట్‌తో తంటాలు

ఇక్కడ విశాఖలో లైసెన్సు లేకుండా ఇంట్లో బీరు చేయడం కుదరదు కాబట్టి, ఇది అమెరికాలో ఉన్న మా బావమరిది లాంటి వాళ్ల కోసం. కోనికల్ అంటే అడుగు గరాటులా (కోన్) ఉండి, కింద వాల్వ్ ఉన్న బీరు పులియబెట్టే ట్యాంకు; లాగర్ అంటే చల్లగా పులియబెట్టే బీరు. అక్కడున్న ఏడేళ్లూ నాకూ ఇదే పిచ్చి. ఇప్పుడు ఎంవీపీ కాలనీలో ఉక్కపోతలో కూర్చుని, పొద్దున్నే వాడి వీడియో కాల్‌లో వాల్వులు చూడటం నా డ్యూటీ.

"బావా, వాల్వ్ తిప్పితే రెండు సెకన్లు ఈస్ట్ వచ్చి తర్వాత అంతా బీరే వస్తోంది, ఈస్ట్ అయిపోయినట్టుంది" అన్నాడు మొన్న. అయిపోలేదు. కోన్ గోడలకు అది గట్టి ఇడ్లీ పిండిలా అతుక్కుని ఉంటుంది, వాల్వ్ ఒక్కసారిగా తెరిస్తే మధ్యలో సొరంగం పడి పైనున్న బీరు అందులోంచి జారిపోతుంది. కొద్దిగా తెరవండి, అర గ్లాసు రానివ్వండి, మూసేసి ఓ పావుగంట ఆగితే పక్కలది కిందికి జారుతుంది, మళ్లీ తీయండి. మొదట వచ్చే గోధుమరంగు మడ్డి పారబొయ్యాల్సిందే, తర్వాత మీగడ రంగులో చిక్కగా వచ్చేదే దాచుకోవాల్సిన ఈస్ట్. చల్లబరిచిన ట్యాంకు అయితే ముందు పైనుంచి కొంచెం కార్బన్ డయాక్సైడ్ ఎక్కించండి, లేకపోతే కింద తీసినంతా పైనుంచి గాలి లోపలికి లాక్కుంటుంది.

బీరులో వెన్న వాసన వస్తోందా? అది డయాసిటిల్. ఈస్టే దాన్ని తయారుచేస్తుంది, చివర్లో ఈస్టే తినేస్తుంది, కానీ మీరు తొందరపడి చల్లబరిచినా, ఉన్న ఈస్టంతా ముందే లాగేసినా తినేవాళ్లు ఉండరు. గ్రావిటీ (బీరులో చక్కెర ఎంత మిగిలిందో చెప్పే సాంద్రత కొలత, పాయింట్ అంటే 0.001) ఇంకో నాలుగైదు పాయింట్లు దిగాల్సి ఉండగానే 10 నుంచి 16-18 డిగ్రీల సెల్సియస్‌కి పెంచి రెండు మూడు రోజులు వదిలేయండి. అయిందో లేదో తెలియాలంటే రెండు గ్లాసుల్లో కాస్త బీరు తీసి, ఒకదాన్ని మూతపెట్టి 60-70 డిగ్రీల వేడినీళ్లలో అరగంట ఉంచి, చల్లారాక రెండూ వాసన చూడండి. వేడిచేసిన దాంట్లో వెన్న వాసన తగిలితే ఇంకా ఆగాలి. ఈ ఒక్క పరీక్షా చేయకుండా ట్యాంకు చల్లబరిచే వాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

గ్రావిటీ మధ్యలో ఆగిపోతే చాలాసార్లు తప్పు మొదటిరోజుదే: ఈస్ట్ తక్కువ. 20 లీటర్ల మామూలు లాగర్‌కి 11.5 గ్రాముల డ్రై ఈస్ట్ ప్యాకెట్లు రెండు వేయాలి, ఒకటి సరిపోదు. ఇప్పుడైతే 14 డిగ్రీలకు పెంచి, కింది వాల్వ్ నుంచి కార్బన్ డయాక్సైడ్ నెమ్మదిగా వదిలి ఈస్ట్‌ని పైకి లేపండి.

కుళ్లిన గుడ్డు వాసనకు టెన్షన్ వద్దు, లాగర్ ఈస్ట్‌కి అది మామూలే, చల్లగా కొన్ని వారాలు ఉంటే చాలావరకు పోతుంది. సోయా సాస్, మాడిన రబ్బరు లాంటి వాసన వస్తే మాత్రం అడుగున ఈస్ట్ చచ్చి కరుగుతోందన్నమాట. అది బీరులోకి దిగితే బాగుచేయలేం. చల్లబరిచాక వారానికోసారైనా అడుగుది తీసేయండి.

దాచిన ఈస్ట్‌ని ఫ్రిజ్‌లో 1-3 డిగ్రీల దగ్గర పెట్టి రెండు వారాల్లోపు వాడేయాలి, మూత వదులుగా పెట్టాలి. వీడు బిగించాడు. సీసా పేలి పెరుగు గిన్నె నిండా ఈస్టే. వాళ్లావిడ అర్ధరాత్రి నాకే ఫోన్ చేసి, "అన్నయ్యా, ఇదీ మీరు నేర్పిందేనా?" అంది.