చెర నుంచి తిరిగొచ్చినవారి తరఫున విదేశీ ఆంక్షలకు దస్త్రం తయారుచేయడం ఎలా?

కంబోడియా, మయన్మార్‌లలోని సైబర్ మోసాల శిబిరాల నుంచి బయటపడి శంషాబాద్‌లో దిగినవారు ఇక్కడి ఏజెంటుపై ఫిర్యాదు చేయగలరు. పాస్‌పోర్టు లాక్కుని, కొట్టి పనిచేయించిన అక్కడి యజమానిని చేరుకోవడం మాత్రం మన పోలీసులకు చాలా కష్టం. అతని డబ్బు అమెరికా, బ్రిటన్ బ్యాంకులను దాటి వెళ్లేదైతే, ఆ దేశాల ఆంక్షల చట్టాలు దానిని స్తంభింపజేయగలవు.

ఈ చట్టాలకు మూలం మాస్కోలో ఉంది. దాదాపు 23 కోట్ల డాలర్ల పన్ను మోసాన్ని బయటపెట్టిన సెర్గీ మాగ్నిట్‌స్కీ 2009 నవంబరులో నిర్బంధంలోనే చనిపోయాడు. ఆయన పేరిట అమెరికా 2012లో రష్యన్ల విషయంలో, 2016లో అన్ని దేశాలవారికీ వర్తించేలా చట్టాలు చేసింది. బ్రిటన్, యూరోపియన్ యూనియన్ 2020లో ఆ దారి పట్టాయి. మోసాల శిబిరాల్లో బలవంతపు చాకిరీకి సంబంధించి కంబోడియా వ్యాపారి లీ యోంగ్ ఫాట్‌పై అమెరికా 2024 సెప్టెంబరులో ఈ అధికారంతోనే ఆంక్షలు విధించింది. మన దేశంలో ఇటువంటి చట్టం లేదు కనుక దస్త్రం అక్కడికే పంపాలి.

ముందుగా జరిగినది చట్టం పరిధిలోకి వస్తుందో లేదో చూడాలి. బ్రిటన్ నిబంధనలు ప్రాణహక్కు, చిత్రహింసలు, బానిసత్వం లేదా బలవంతపు చాకిరీ అనే మూడింటికే పరిమితం. జీతం ఎగ్గొట్టారన్న ఫిర్యాదు ఒక్కటే సరిపోదు. గేటుకు తాళం, కాపలా, విడిచిపెట్టడానికి అడిగిన సొమ్ము, దెబ్బల మచ్చలు వంటివి స్పష్టంగా రాయాలి.

వాంగ్మూలం తెలుగులోనే, బాధితుడి మాటల్లోనే తీసుకోండి. తాను చూసింది ఏది, తోటివారు చెబితే విన్నది ఏది అన్నది ప్రతి వాక్యంలో తేలాలి. నాకు తెలిసినంతలో ఎక్కువ దస్త్రాలు బలహీనపడేది ఇక్కడే. ఆంగ్ల అనువాదం ఆ తరువాత.

ఫోనును ఆధారంగా భద్రపరచాలి. స్క్రీన్‌షాట్లు తీసి చాట్ చెరిపేయకండి. ఏజెంటు వాట్సాప్ నంబరు, పంపిన లొకేషన్, విమాన టికెట్టు, డబ్బు పంపిన యూపీఐ రసీదు అసలు రూపంలోనే ఉంచి, ఒక నకలు వేరే డిస్కులో దాచండి. ఇక్కడి కోర్టులో వాడాలంటే భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షను ప్రకారం ధ్రువపత్రం కూడా కావాలి.

అన్నిటికన్నా శ్రమ పెట్టవలసినది పేరు గుర్తింపు మీద. శిబిరంలో అందరూ «బాస్» అని పిలిచిన మనిషిని ఆంక్షల జాబితాలో చేర్చలేరు. పుట్టిన సంవత్సరం, మారుపేర్లు, చైనీస్ లేదా ఖ్మేర్ లిపిలో అసలు పేరు, కంపెనీ నమోదు పత్రాలు, భవనం యజమాని వివరాలు ఒక్కొక్కటిగా జత చేయాలి. ఆదేశం ఎవరిది, లాభం ఎవరికి చేరింది అన్న గొలుసు కనిపించాలి. అమెరికా జాబితాలో ఉన్నవారికి 50 శాతం, అంతకుమించి వాటా ఉన్న కంపెనీలు కూడా స్తంభనలో పడతాయి కనుక, వాటాల వివరాలు దొరికితే దస్త్రానికి ఎంతో బలం.

పంపే ముందు తప్పకుండా న్యాయవాదికి చూపించండి. అక్కడ బాధితుడి చేత ఇతరులను మోసం చేయించి ఉంటారు. ఆ మాట రాతలో ఎలా వస్తుందన్నది అతని భవిష్యత్తుకు సంబంధించిన విషయం. మనుషుల అక్రమ రవాణాకు, వెట్టికి గురైనవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా న్యాయసేవాధికార సంస్థ ఉచిత సహాయం అందించాలని 1987 చట్టం చెబుతోంది. లోపల ఇంకా చిక్కుకున్నవారి పేర్లు దస్త్రంలో ఉంచకండి.

హక్కుల సంస్థలు ఇచ్చే నమ్మదగిన సమాచారాన్ని పరిగణించాలని అమెరికా చట్టంలోనే ఉంది కనుక, అనుభవం ఉన్న సంస్థ ద్వారా పంపడం మేలు. నిర్ణయం పూర్తిగా ఆ ప్రభుత్వాలది. గడువు ఉండదు, జవాబు రాకపోవచ్చు. స్తంభించిన సొమ్ము బాధితుడికి పరిహారంగా రాదన్న సంగతి ఆ కుటుంబానికి మొదటి రోజే చెప్పండి, ఇక్కడి కేసును మాత్రం ఆపవద్దు.